తప్పిన బంతి ఎవరిది?

బాస్కెట్ బాలు ఆట చూడవచ్చినవారి కన్నులన్నియు బంతి వేయువాని చేతిమీదనే యుండును. బంతి వలలో పడినచో చప్పట్లు మ్రోగును. పడనిచో “అయ్యో” యను మాట వినబడును. అంతటితో ఆ ప్రయత్నము ముగిసినదని చూచువారు తలంతురు. కాని ఆడువారికి కష్టమైన పని అప్పుడే మొదలగును. రింగుకు తగిలి వెనుకకు వచ్చుచున్న ఆ బంతి ఆ క్షణమున ఏ జట్టునకును చెందినది కాదు. దానిని ఎవరు పట్టుకొందురో వారిదే తరువాతి వంతు. ఇట్లు తప్పివచ్చిన బంతిని పట్టుటకు రిబౌండు అని పేరు. ఎదుటివానిని మన వీపు వెనుక నుంచుకొని, బంతి పడు తావునకు ముందుగా చోటు సంపాదించుటకు బాక్స్ అవుట్ అని పేరు. ఈ రెంటిని గూర్చి విద్యార్థులకును, వారికి ఆట నేర్పు ఉపాధ్యాయులకును ఉపయోగపడు సంగతులను కొన్నింటిని ఇచ్చట వివరించెదను.

పాఠము యొక్క సారమును మొదటనే చెప్పుట మంచిది. తప్పిన బంతి సామాన్యముగా ముందుగా చోటు పట్టినవానికే దక్కును. పొడుగును, ఎగురు శక్తియు ఆ తరువాత లెక్కకు వచ్చును. చోటు పట్టుట నేర్చుకొనదగిన విద్య. కావున ఏ బాలుడైనను, ఏ బాలికయైనను దానిని నేర్వవచ్చును.

బోర్డు వచ్చిన విధము

ఈ ఆట 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో పుట్టినది. అమెరికా దేశమున మాసచూసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునందు వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాల యుండెను. చలికాలమున బయట ఆడుటకు వీలులేని విద్యార్థులకు లోపల ఆడదగిన ఆట యొకటి కావలసివచ్చెను. అచ్చటి ఉపాధ్యాయుడగు జేమ్స్ నెయిస్మిత్ 13 నియమములు వ్రాసి, పీచ్ పండ్ల గంపలు రెంటిని వ్యాయామశాల మేడవసారా అంచునకు 10 అడుగుల ఎత్తున కొట్టించెను. ఆ యెత్తు నేటికిని మారలేదు.

మొదట గంపల వెనుక బోర్డులు లేవు. వసారామీద కూర్చున్న ప్రేక్షకులు చేతులు చాచి బంతికి అడ్డు తగులుచుండిరి. ఈ అల్లరి మాన్పుటకై కొలది సంవత్సరములలోనే గంపల వెనుక అడ్డు కట్టిరి. ప్రేక్షకులను ఆపుటకు పెట్టిన ఆ అడ్డే తప్పిన బంతిని తిరిగి ఆటస్థలములోనికి పంపసాగెను. నాటినుండి బంతి వేయుట యెంత ముఖ్యమో, తిరిగివచ్చిన బంతిని పట్టుటయు అంత ముఖ్యమాయెను.

మన దేశమునకు ఈ ఆట వచ్చుటలోను వై.ఎం.సి.ఎ. వారికి ముఖ్యమైన పాలు కలదు. నేడు చెన్నై యని పిలువబడు మద్రాసు నగరమున 1920లో హారీ క్రో బక్ స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో చదివిన ఉపాధ్యాయులు అనేక పాఠశాలలకు ఇట్టి ఆటలను కొనిపోయిరి.

రిబౌండు విలువ ఎంత?

ఒక చిన్న లెక్క వేయుదము. రెండు జట్లకును సమానమైన గురి గలదనుకొనుడు. ప్రతి జట్టును పది పర్యాయములు బంతి వేసి నాలుగింటిని గంపలో వేయగలదు. తక్కిన ఆరును తప్పిపోవును. ఆ యారింటిలో రెంటిని మొదటి జట్టు తానే తిరిగి పట్టుకొన్నచో, దానికి పండ్రెండు ప్రయత్నములు దక్కును. రెండవ జట్టునకు పది మాత్రమే. గురి సమానమేయైనను గెలుపు మొదటి జట్టువైపు మొగ్గును.

నేటి అంతర్జాతీయ నియమముల ప్రకారము బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకనులలో దానిని గంపవైపు వేయవలెను. రింగుకు తగిలి తప్పిన బంతిని ఆ జట్టువారే తిరిగి పట్టుకొనిరేని వారికి మరల 14 సెకనులు లభించును. కాపు కాచు జట్టు ఇరువది సెకనులపాటు చెమటోడ్చి, ఎదుటివానికి సరియైన అవకాశము దొరకకుండ చేసి, బంతి తప్పినప్పుడు మాత్రము నిలువబడి చూచెనేని, చేసిన శ్రమయంతయు వ్యర్థమగును. పైరంతయు కాచి, నూర్పిడినాడు కళ్ళము విడిచి యింటికి పోయిన రైతు వంటిది ఆ జట్టు.

పొడుగును గూర్చిన భ్రమ

రిబౌండు పొడుగువారి సొత్తని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. 1960 నవంబరు 24వ తేదీన విల్ట్ చాంబర్లేన్ అను అమెరికా ఆటగాడు ఒక్క ఆటలోనే 55 రిబౌండ్లు పట్టెను. ఆయన యెత్తు 7 అడుగుల 1 అంగుళము. నేటికిని ఆ లెక్కను వారి వృత్తి క్రీడాసంఘమగు ఎన్.బి.ఎ.లో ఎవరును దాటలేదు.

అయినను అదే ఎన్.బి.ఎ. చరిత్రలో వేరొక పాఠమును కలదు. 1986–87 ఆటల కాలములో సగటున అందరికంటె ఎక్కువ రిబౌండ్లు పట్టిన చార్లెస్ బార్క్‌లీ ఎత్తు 6 అడుగుల 6 అంగుళములని వ్రాయబడెను. డెన్నిస్ రాడ్‌మన్ 6 అడుగుల 7 అంగుళములవాడు. 1991–92 మొదలు 1997–98 వరకు వరుసగా ఏడు ఆటల కాలములలో రిబౌండ్ల సగటున అతడే ప్రథముడు. మనకు ఇట్టి ఎత్తులు తాటిచెట్లవలె తోచవచ్చును. కాని వారితో పోటీపడినవారిలో ఏడడుగులవారు పెక్కుమంది యుండిరి. రాడ్‌మన్ బంతి గాలిలో తిరుగు తీరును, ఎవరు వేసినది ఎటు పడునను విషయమును శ్రద్ధగా గమనించి నేర్చుకొంటినని తానే చెప్పియున్నాడు. అనగా ఇతరులు ఆయత్తపడుటకు మునుపే అతని పాదములు కదలుచుండెను.

ఈ సంగతి పాఠశాలలకు మిక్కిలి ముఖ్యమైనది. జట్టు ఎంపికనాడు పిల్లలను గోడకు ఆనించి కొలిచి, పొట్టివారిని పంపివేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. పదమూడేండ్లకు పొట్టిగానున్నవాడు పదునారేండ్లకు పొడుగరి కావచ్చును. పదమూడేండ్లకే పొడుగైనవాడు అంతటితో నిలిచిపోవచ్చును. అప్పుడు పొడుగును మాత్రమే నమ్ముకొని చోటు పట్టుట నేర్వనివానికి ఏమి మిగులును? ఒకసారి పంపివేయబడిన పిల్ల మరల ఆటస్థలమునకు వచ్చుట అరుదు. కొలబద్ద చెప్పిన మాటనే తీర్పుగా తీసికొనకుండుట ఉపాధ్యాయుని ధర్మము.

మొదట మనిషి, తరువాత బంతి

బంతి చేతిని విడిచినప్పటినుండి రింగును తాకువరకు ఇంచుమించు ఒక సెకను మాత్రమే పట్టును. క్రొత్తగా నేర్చువారు ఆ సెకనంతయు నోరు తెరచి బంతినే చూతురు. నేర్చినవారు ఆ సెకనులోనే తమ పని ముగింతురు. ఆ పనిలో ఆరు మెట్లు కలవు.

మొదటిది కేక. ఎదుటివాడు బంతి వేయగానే, చూచినవాడు “షాట్” అని బిగ్గరగా పలుకవలెను. బంతివైపు వీపు త్రిప్పియున్న తోడివారికి ఆ కేకయే హెచ్చరిక.

రెండవది చూపు. ప్రతివాడును తన కాపులోనున్న ఎదుటివానిని కంటితో వెదకవలెను. బంతి వచ్చునప్పుడు దానంతట అదియే కనబడును. మనిషిని మాత్రము వెదకినగాని కనబడడు.

మూడవది తాకు. మోచేయి వంచి, ముంజేతితో ఎదుటివానిని మృదువుగా తాకి, అతడు ఎటు పోదలచెనో తెలిసికొనవలెను. త్రోయరాదు, పట్టరాదు.

నాలుగవది తిరుగుట. ఒక పాదమును నేలమీద స్థిరముగా నుంచి, రెండవ పాదమును త్రిప్పి, ఎదుటివానికి వీపు, రింగుకు ముఖము వచ్చునట్లు తిరుగవలెను. ఎదుటివాడు ఏ ప్రక్కకు అడుగు వేసెనో ఆ ప్రక్కనే అతని దారికి అడ్డముగా మన పాదము పడవలెను.

ఐదవది నిలుకడ. పాదములు భుజములకంటె కొంచెము ఎడముగా నుండవలెను. మోకాళ్ళు వంగవలెను. నడుము క్రిందికి దిగవలెను. చేతులు మోచేతులవద్ద వంగి, అరచేతులు తెరచుకొని, భుజముల యెత్తున సిద్ధముగా నుండవలెను. చెడుగుడులో కూతకు వచ్చినవానికై కాచుకొనియున్నవాడు ఎట్లు వంగి నిలుచునో మన పిల్లలందరు ఎరుగుదురు. ఆ నిలుకడయే ఇచ్చటను. నిటారుగా నిలిచిన పొడుగరిని వంగి నిలిచిన పొట్టివాడు సులభముగా ఆపగలడు. ఏలయనగా భారము నేలకు దగ్గరగానున్న వస్తువును కదలించుట కష్టము. ఎదుటివాడు ప్రక్కకు జరిగినచో, వీపునకు తగులుటను బట్టి తెలిసికొని, చిన్న చిన్న అడుగులతో తానును జరుగుచుండవలెను.

ఆరవది బంతికై పోవుట. చోటు పట్టి అచ్చటనే స్తంభమువలె నిలిచియుండరాదు. బంతి రింగును విడిచిన దిక్కు తెలియగానే రెండు పాదములతో ఎగిరి, రెండు చేతులతో అందుకొనవలెను.

నియమము కాపాడు చోటు

వీధి కుళాయివద్ద ముందుగా బిందె పెట్టినవారిది వంతు. వెనుక వచ్చినవారు ఎంత బలవంతులైనను ఆ బిందెను త్రోయుట న్యాయము కాదు. బాస్కెట్ బాలు నియమమును ఇట్టిదే. ప్రతి ఆటగాడును తాను నిలిచిన నేలకును, దానిమీది గాలికిని హక్కుదారుడు. నిలువుగానుండు గొట్టము వంటి ఒక స్థలమును అతని చుట్టు ఊహించుకొనుడు. ముందువైపు అరచేతులవరకు, వెనుకవైపు పిరుదులవరకు, ప్రక్కల చేతుల కాళ్ళ వెలుపలి అంచులవరకు ఆ స్థలము అతనిది. అతడు ఆ స్థలములో తిన్నగా పైకి ఎగురవచ్చును. వెనుకనున్నవాడు అతని వీపుమీద పడి బంతి తీసికొన్నచో ఫౌల్ అగును.

ఈ హక్కునకు హద్దును కలదు. చోటు పట్టినవాడు నడుముతో వెనుకకు నెట్టుచు పోరాదు. చేతులు చాపి ఎదుటివానిని కౌగిలించి పట్టరాదు. మోచేతులు త్రిప్పి పొడువరాదు. ఒక ఆటలో ఐదు ఫౌళ్ళు చేసినవాడు ఆట విడిచిపోవలెను గదా! కావున చోటును పాదములతో సంపాదింపవలెనేగాని చేతులతో కాదు. పాదములు ఆలస్యమైనప్పుడే చేతులు తప్పు చేయును. ఈ మాట పిల్లలకు పలుమారు చెప్పదగినది.

ఫ్రీ త్రో సమయమున నియమమే కాపు కాచు జట్టునకు లోపలి చోటు నిచ్చును. తరువాత బంతి తప్పినచో ఆటలో నుండవలసిన చివరి ఫ్రీ త్రోకు గీతల ప్రక్కన రింగుకు మిక్కిలి సమీపమునగల రెండు చోట్లును వారివే. బంతి వేయువాని చేతిని విడుచువరకు ఎవరును గీత దాటి లోపల అడుగు పెట్టరాదు. ఇట్లు నియమము చేతికిచ్చిన చోటును పోగొట్టుకొనుట అజాగ్రత్తయేగాని మరియొకటి కాదు.

బంతి ఎటు పడును?

మామిడిపండు కోసము చెట్టు క్రింద చేరిన పిల్లలలో గాలి ఎటు వీచునో, కొమ్మ ఎటు వంగునో చూచినవానికే పండు దొరకును. బంతి విషయమునను కొన్ని గుర్తులు కలవు.

రింగు అడ్డుకొలత 18 అంగుళములు. పెద్ద బంతి అడ్డుకొలత సుమారు 9½ అంగుళములు. కావున చుట్టునుగల ఖాళీ పెక్కుమంది తలచునంత తక్కువ కాదు. కాని బంతి వాలుగా వచ్చునప్పుడు ఆ ఖాళీ తగ్గిపోవును. అప్పుడు బంతి రింగు అంచునకు తగిలి ఎగిరిపోవును. ఒక ప్రక్కనుండి వేసిన బంతి తప్పినప్పుడు రింగును దాటి ఆవలి ప్రక్కకే పడుట ఎక్కువ. దూరమునుండి వేసినది దూరముగా పోవును. దగ్గరనుండి వేసినది దగ్గరనే పడును. ఎత్తుగా వంపు తిరిగి వచ్చినది మెత్తగా తగులును; వంపులేక తిన్నగా వచ్చినది గట్టిగా తగిలి దూరము పోవును. ఇవి తప్పని నియమములు కావు. అయినను ఈ గుర్తులు తెలిసినవాడు తెలియనివానికంటె ఒక అడుగు ముందుండును. ఆట ప్రారంభమునకు మునుపే బోర్డును, రింగును పరీక్షించుటయు మంచిది. వదులుగానున్న రింగు బంతిని మెత్తగా వదలును. బిగువైనది గట్టిగా తన్నును.

బంతి వేసిన జట్టువారికి ఇదే జ్ఞానము వేరొక విధముగా ఉపయోగపడును. వారు అడ్డు నిలిచినవానిని త్రోయక, ఒక ప్రక్కకు పోవునట్లు అడుగు చూపి, వెంటనే రెండవ ప్రక్కనుండి లోపలికి జారవలెను.

పట్టిన తరువాత

బంతి చేతికి చిక్కినంతమాత్రమున పని ముగియదు. దానిని గడ్డము క్రిందికి తెచ్చి, రెండు చేతులతో గట్టిగా పట్టి, మోచేతులను ప్రక్కలకు చాచి నిలుపవలెను. నడుము దిగువకు దించినచో చిన్నవారు లాగికొందురు. నేలకు దిగునప్పుడు రెండు పాదములమీద, మోకాళ్ళు వంచి దిగవలెను. కాళ్ళు బిగబట్టి ఒంటికాలిమీద దిగినవారికి మోకాలు, చీలమండ బెణకు భయము కలదు. సిమెంటు నేలమీద ఈ జాగ్రత్త మరింత అవసరము. దిగినవెంటనే తల త్రిప్పి, ఆటస్థలము అంచువైపు సిద్ధముగానున్న తోడివానికి బంతి నందింపవలెను. గుంపు నడుమ బంతిని నేలకు కొట్టుచు నిలుచుట తగదు.

నేర్పు క్రమము

ఉపాధ్యాయులకు ఒక మనవి. మొదటి దినమున బంతిని గదిలోనే యుంచుడు. బంతి కనబడినంతకాలము పిల్లల చూపు దానిమీదనే యుండును. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలిపి, మీరు “షాట్” అనగానే తాకి, తిరిగి, వంగి నిలుచుటను మాత్రమే చేయింపుడు. ఎత్తును బరువును సమానముగానున్నవారిని జత చేయుడు.

రెండవ దినమున నేలమీద ఒక వలయము గీసి నడుమ బంతిని పెట్టుడు. ఒకడు వలయము లోపలను, ఒకడు వెలుపలను నిలువవలెను. మీరు ఐదు లెక్కించువరకు వెలుపలివాడు బంతిని తాకకుండ లోపలివాడు వీపుతోను పాదములతోను ఆపవలెను. చేతులతో పట్టినవాడు ఓడినట్లే. ఈ యభ్యాసములో పొట్టివారు పొడుగువారిని గెలుచుట తరచుగా చూడగలరు. జట్టంతయు దానిని కన్నులార చూచుట మంచిది.

మూడవ దినమున ముగ్గురికి ముగ్గురుగా రింగు క్రింద నిలిపి, మీరే బంతి వేయుడు. కాపు జట్టు వరుసగా మూడు రిబౌండ్లు పట్టినగాని స్థానములు మారరాదు. బంతి పట్టినను ఎవడైన తనవానిని అడ్డగింపక వదలినచో లెక్క మొదటికి వచ్చును. నాలుగవ దినమున ఫ్రీ త్రోలతో అభ్యాసము చేయింపుడు. ప్రతి యభ్యాసమును ఐదారు నిమిషములకు మించనీయకుడు. అలసిన పిల్లలు నిటారుగా నిలుతురు, త్రోతురు, దెబ్బలు తగిలించుకొందురు. ఉంగరములు, గాజులు, గడియారములు ముందే తీయింపుడు.

లెక్కకు రాని పని

లెక్కపుస్తకములో బంతి వేసినవాని పేరు వ్రాయుదురు. రిబౌండు పట్టినవాని పేరును వ్రాయుదురు. కాని ఎదుటి జట్టులోని మిక్కిలి బలవంతుని తన వీపుతో ఆపి, బంతి తన తోడివాని చేతిలో పడునట్లు చేసినవాని పేరు ఎచ్చటను కనబడదు. వాడు బంతిని తాకనైన లేదు. ఐదుగురును అట్లు ఐదుగురిని ఆపినచో బంతి నేలమీద పడినను వారిదే యగును. ఒక్కడు మరచెనేని తక్కిన నలుగురి శ్రమ నీటిపాలగును.

కావున ఉపాధ్యాయులు ఒక చిన్న పుస్తకము పెట్టి, బంతి తప్పిన ప్రతిసారియు ఎవరు తమవానిని ఆపిరో, ఎవరు బంతిని చూచుచు నిలిచిరో గుర్తులు వేయవలెను. ఆట ముగిసిన పిమ్మట ఆ గుర్తులను అందరియెదుట చదువవలెను. పిల్లలు మనము లెక్కించినదానిని విలువైనదిగా తలంతురు. మనము గంపలో పడిన బంతులను మాత్రమే లెక్కించినచో, వారును గంపవైపు మాత్రమే చూతురు.

తల్లిదండ్రులకును ఒక మాట. పోటీనుండి ఇంటికి వచ్చిన బిడ్డను “ఎన్ని పాయింట్లు వేసితివి?” అని అడుగుట సహజము. దానితోపాటు “నీవు కాపు కాచినవాడు ఎన్ని రిబౌండ్లు పట్టెను?” అనియు అడుగుడు. “ఒక్కటియు పట్టలేదు” అని ఆ బిడ్డ చెప్పగలిగినచో, వాడు ఒక్క పాయింటు వేయకపోయినను ఆ దినమున తన జట్టునకు మంచి పని చేసినవాడే.